లైటు మినుక్కుమంటే చాలు మిల్లంతా ఆగిపోతోంది, లాచింగ్ రిలేలు వేసేయమంటున్నారు. వెయ్యొచ్చా?

మిల్లు_కరెంటు (నరసన్నపేట)

అందరికీ నమస్కారం. నరసన్నపేట దగ్గర ఒక రైస్ మిల్లులో కరెంటు పని చూస్తాను. ప్యానెల్‌లో 24 వోల్టుల డీసీ కంట్రోలు, 14 పిన్ రిలేలు (కాయిల్‌కి కరెంటు ఇస్తే మారే చిన్న స్విచ్‌లు) వరసగా ఉన్నాయి, వాటి కాంటాక్టులు 230 వోల్టుల ఏసీ కాంటాక్టర్ (మోటార్లని ఆన్ ఆఫ్ చేసే పెద్ద స్విచ్) కాయిళ్ళకి వెళతాయి. సాయంత్రం పూట బల్బు ఆరను కూడా ఆరదు, ఒక్కసారి మినుక్కుమంటుంది అంతే, ఎలివేటర్లు, హల్లరు, పాలిషరు, బ్లోయరు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఎలివేటర్ బకెట్ల నిండా ధాన్యం ఉండిపోతుంది, అలాగే స్టార్ట్ చేస్తే బెల్టు జారుతుంది, కాబట్టి అడుగున తలుపు తీసి చేత్తో తోడి మళ్ళీ మొదలుపెట్టాలి. రోజూ ఇదే గోల.

ఓనరు గారికి ఎవరో చెప్పారట, మీ రిలేలు నాన్ లాచింగ్ కాబట్టి కరెంటు పోతే పడిపోతున్నాయి, లాచింగ్ రిలేలు వేస్తే కరెంటు రాగానే వాటంతట అవే నడుస్తాయి అని. షాపులో రేటు కూడా కనుక్కుని వచ్చారు. నాకు మనసొప్పడం లేదు గానీ ఎందుకు వద్దో ఆయన్ని ఒప్పించేలా చెప్పడం రావడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత_జూట్‌మిల్లు (విజయనగరం)

వెయ్యొద్దు. అడుగు తలుపు తీసి చేత్తో తోడతామని నువ్వే రాశావు కదా బాబూ. తోడుతున్నవాడి చెయ్యి లోపలుండగా కరెంటు వస్తే ఏటవుద్ది? మీ ఓనరు గారికి ఆ ఒక్క మాట చెప్పు చాలు, రిలే సంగతి ఎత్తక్కర్లేదు.

ఐటిఐ_కుర్రోడు

చిన్న డౌటు సార్, నవ్వొద్దు. స్టార్ట్ బటన్ వదిలేశాక కూడా మోటారు నడుస్తూనే ఉంటుంది కదా, మరి అది లాచింగ్ కాదా? మా క్లాసులో డీఓఎల్ స్టార్టర్ (మోటారుని నేరుగా సప్లైకి కలిపేది) గీసినప్పుడు లాచింగ్ సర్క్యూట్ అనే చెప్పారు. మామూలు కాంటాక్టర్‌తోనే అది వస్తుంటే ఇంక లాచింగ్ రిలే అని వేరే ఎందుకు?

ప్యానెల్_బోర్డు (విజయనగరం)

నవ్వడానికేముంది తమ్ముడూ, పని చేస్తున్నవాళ్ళలో కూడా ఈ తికమక ఉంది. ముందు రిలే లోపల ఏముందో చూడు. పాతది ఒకటి తీసుకుని పైన ప్లాస్టిక్ మూత పీకేసి, కాయిల్‌కి 24 వోల్టులు ఇచ్చి కళ్ళతో చూస్తే ఏ పుస్తకమూ అక్కర్లేదు. ఇనప కోరు మీద చుట్టిన రాగి కాయిల్, దాని ముందు కదిలే ఇనప రేకు, అదే ఆర్మేచర్, దాన్ని వెనక్కి లాగిపెట్టే చిన్న స్ప్రింగు. వోల్టేజ్ ఇవ్వగానే కోరు అయస్కాంతమై ఆర్మేచర్‌ని లాక్కుంటుంది, కామన్ కాంటాక్టు ఎన్‌సిని (మామూలుగా మూసి ఉండేది) వదిలి ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది) మీదకి వెళుతుంది. వోల్టేజ్ తీసేస్తే స్ప్రింగు దాన్ని తిరిగి ఎన్‌సి మీదకి లాగేస్తుంది. ఇంతకుముందు ఏ పక్కన ఉన్నానన్నది దానికి గుర్తుండదు. ఇది నాన్ లాచింగ్.

లాచింగ్ రిలేలో శాశ్వత అయస్కాంతమో, గొళ్ళెం లాంటి మెకానికల్ ఏర్పాటో ఉంటుంది. ఒక పల్స్ ఇస్తే ఆన్ అయి అలాగే కూర్చుంటుంది, ఆఫ్ చెయ్యాలంటే రెండో కాయిల్‌కో, తిరగేసిన పోలారిటీతోనో ఇంకో పల్స్ ఇవ్వాలి. మధ్యలో సప్లై పోయినా దానికి పట్టదు. స్మార్ట్ మీటర్లలో దూరం నుంచి కనెక్షన్ కట్ చేసే రిలే ఇలాంటిదే, ఎందుకంటే అక్కడ కాయిల్‌కి రాత్రీ పగలూ కరెంటు తినిపిస్తూ కూర్చోలేం.

ఇక నీ డీఓఎల్ సంగతి. అక్కడ కాంటాక్టర్ తన సొంత ఎన్‌ఓ కాంటాక్టు, అంటే 13-14 నంబర్ల టెర్మినళ్ళు, స్టార్ట్ బటన్‌కి ప్యారలల్‌గా ఉండబట్టి తన కాయిల్‌కి తానే దారి ఇచ్చుకుంటోంది. సప్లై పోయిందా, కాయిల్ వదిలేస్తుంది, 13-14 తెరుచుకుంటుంది, ఆ తర్వాత సప్లై వచ్చినా దారి లేదు, మనిషి వచ్చి బటన్ నొక్కాల్సిందే. అంటే హోల్డింగ్ సర్క్యూట్‌ది, వస్తువు మాత్రం నాన్ లాచింగే. మన ఎలక్ట్రీషియన్లు నో వోల్ట్ కాయిల్ అనేది దీన్నే. మెషీన్ల కంట్రోలుకి ఉన్న అంతర్జాతీయ ఐఈసీ 60204-1 ప్రమాణం కూడా అదే అంటుంది, సప్లై తిరిగొచ్చినప్పుడు ప్రమాదం జరిగేటట్టుంటే మెషీన్ దానంతట అది లేవకూడదని.

@మిల్లు_కరెంటు, మీకు రెండు ప్రశ్నలు. హోల్డింగ్ ఎక్కడి నుంచి తీశారు, రిలే కాంటాక్టు నుంచా, కాంటాక్టర్ 13-14 నుంచా? 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీ చేసి ఇచ్చే పెట్టె) లేబుల్ మీద ఇన్‌పుట్ ఎంతని ఉంది?

మిల్లు_కరెంటు

హోల్డింగ్ కాంటాక్టర్ 13-14 నుంచి వచ్చి 24 వోల్టుల లైన్లో పడుతుంది సార్. ఎస్‌ఎంపీఎస్ మీద 100-240 వోల్టులు అని ఉంది.

ప్యానెల్_బోర్డు

అయితే మీరు తప్పు మనిషిని పట్టుకున్నారు. 100-240 అంటే మీ సప్లై 160కి పడినా ఆ ఎస్‌ఎంపీఎస్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు, 24 వోల్టులు అలాగే వస్తాయి. పూర్తిగా సప్లై పోయినా లోపలి కెపాసిటర్ల మీద సుమారు 20 మిల్లీసెకన్లు లాగుతుంది, లోడ్ తక్కువైతే ఇంకా ఎక్కువ. పైగా డీసీ రిలే ఒకసారి లాక్కున్నాక అంత తేలిగ్గా వదలదు. లాక్కోవడానికి 24లో 75, 80 శాతం కావాలి, అదే పూర్తిగా వదలాలంటే 10 శాతం దగ్గరికి, అంటే 2.4 వోల్టులకి పడాలి. ఆర్మేచర్ దూరంగా ఉన్నప్పుడు మధ్యలో గాలి సందు ఎక్కువ, అతుక్కున్నాక సందు ఉండదు, కొద్దిపాటి కరెంటుతోనే పట్టుకుని ఉంటుంది.

కాంటాక్టర్ కథ అలా కాదు. ఐఈసీ లెక్కలో ఏసీ కాంటాక్టర్ 85 శాతం నుంచి 110 శాతం వరకూ ఖాయంగా లాక్కోవాలి, 230కి అది 195 పైన. పట్టుకున్నాక వదిలేది 75 శాతానికీ 20 శాతానికీ మధ్య ఎక్కడైనా కావచ్చు. 75 శాతం అంటే 172 వోల్టులు. సాయంత్రం లోడ్‌లో 172 అంటే మన ఫీడర్ల మీద వింతేమీ కాదు. ముందు మీ కాంటాక్టర్ పడుతోంది, దాని 13-14 తెరుచుకోగానే రిలే పడుతోంది. రిలే మీద ఎల్‌ఈడీ ఉంటే ఫోన్లో స్లో మోషన్ వీడియో తియ్యండి, ఏది ముందు పడిందో తేలిపోతుంది.

రొయ్యల_చెరువు (రణస్థలం వైపు)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. కరెంటు వచ్చాక దానంతట అది స్టార్ట్ కాకూడదు అని అందరూ అంటున్నారు, మా చెరువుల దగ్గర అలా అయితే కొంప మునుగుతుంది. రాత్రి రెండు గంటలకి కరెంటు పోయి వచ్చిందనుకోండి, కాపలా మనిషి నిద్రలో ఉంటే ఏరేటర్లు ఆగిపోయి ఉంటాయి, తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి. మాకు ఆటో కావాల్సిందే. మరి లాచింగ్ రిలే మాకు పనికొస్తుందా?

పాత_జూట్‌మిల్లు

ఏరేటర్ దగ్గర ఆటో పెట్టుకో, తప్పు లేదు. ఎలివేటర్ దగ్గర వద్దు. ఆగిన యంత్రంలో మనిషి చెయ్యి పెట్టే అవసరం ఉందా లేదా అన్నదే తేడా.

ప్యానెల్_బోర్డు

పాత_జూట్‌మిల్లు గారు సరిగ్గా చెప్పారు, కానీ @రొయ్యల_చెరువు, మీకు కూడా లాచింగ్ రిలే అక్కర్లేదు. పుష్ బటన్ తీసేసి ఆన్-ఆఫ్ సెలెక్టర్ స్విచ్ పెట్టుకోండి, ఆన్‌లో ఉన్నంతసేపూ కమాండ్ ఉంటుంది, కరెంటు రాగానే మామూలు కాంటాక్టరే లాక్కుంటుంది. మధ్యలో ఆన్ డిలే టైమర్లు వేసి ఒక్కో గట్టుకి కొన్ని సెకన్లు తేడా ఇవ్వండి. అన్ని మోటార్లూ ఒకే క్షణంలో లేస్తే ఒక్కొక్కటీ ఫుల్ లోడ్ కరెంటుకి ఆరు రెట్ల దాకా లాగుతుంది, వచ్చిన కరెంటు ఆ దెబ్బకే మళ్ళీ పోతుంది. వ్యవసాయ మోటార్లకి అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్న ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ ఎలా మూలుగుతుందో తెలిసిందే కదా. ఫేజ్ ఫెయిల్యూర్ రిలే కాంటాక్టు సిరీస్‌లో తప్పనిసరి, రెండు ఫేజులే వస్తే మోటార్లు లేవకూడదు. బోర్డు మీద "దానంతట అదే స్టార్ట్ అవుతుంది" అని పెద్దక్షరాలతో రాయించి, చెరువులోకి దిగేవాడు ఐసొలేటర్ (లైను తెంపే స్విచ్) ఆఫ్ చేసి తాళం వేసుకుని దిగాలి.

జీడిపప్పు_పలాస

ఈ సెలెక్టర్ స్విచ్ సంగతి మా ఊళ్ళో అడగండి. 2018లో తిత్లీ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఎవరూ ప్యానెల్ వైపు చూడలేదు, స్విచ్‌లు ఆన్‌లోనే వదిలేసి ఇళ్ళకి పోయాం. కరెంటు వచ్చిన రాత్రి తాళం వేసిన షెడ్డులో బ్లోయరు దానంతట అది మొదలైంది, పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. డ్రయ్యరు హీటర్లకి మాత్రం పుష్ బటన్ కాబట్టి ఆన్ కాలేదు. అదీ లేచి ఉంటే తుపానుకి మిగిలింది మంటకి పోయేది.

ఫార్మా_మెయింటెనెన్స్ (పైడిభీమవరం)

అందరూ పడిపోయే రిలే గురించే మాట్లాడుతున్నారు, పడాల్సినప్పుడు పడని రిలే గురించి కూడా ఒక మాట. నాన్ లాచింగ్‌ని ఎందుకు నమ్ముతామంటే వైరు తెగినా, ఫ్యూజ్ పోయినా, టెర్మినల్ లూజైనా, ఎవరైనా ఎమర్జెన్సీ స్టాప్ కొట్టినా అన్నిటికీ ఫలితం ఒకటే, కాయిల్ పడిపోతుంది, మెషీన్ ఆగుతుంది. లాచింగ్ రిలేని ఆపాలంటే కరెంటు ఉండాలి, వైరు బాగుండాలి. ఆపడానికే కరెంటు కావాల్సి రావడమంత దరిద్రం ఇంకోటి లేదు. అందుకే స్టాప్ బటన్ ఎప్పుడూ ఎన్‌సిలో ఉంటుంది.

మేం చూసిన కేసు చెబుతాను. ట్యాంక్ ఫామ్ దగ్గర స్టాప్ బటన్, ప్యానెల్ చాలా దూరం, మధ్యలో పొడవాటి కేబుల్లో పోనూ రానూ రెండు కోర్లూ పక్కపక్కనే, 230 వోల్టుల ఏసీ కాయిల్ ఉన్న చిన్న రిలే. స్టాప్ నొక్కితే పంపు ఆగదు. బటన్ బాగుంది, కాంటాక్టు తెరుచుకుంటోంది, అయినా రిలే పట్టుకునే ఉంది. కేబుల్ కోర్ల మధ్య కెపాసిటెన్స్ కిలోమీటరుకి సుమారు 0.3 మైక్రోఫారడ్ వేసుకోండి, 230 వోల్టులు 50 హెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకి 20 మిల్లీ ఆంపియర్లు దాటి కరెంటు పారుతుంది. చిన్న ఏసీ రిలే పట్టుకుని ఉండడానికి కొద్ది మిల్లీ ఆంపియర్లు చాలు. బటన్ తెరిచినా కేబులే దాన్ని మోస్తోంది. ఆ లూపుని 24 డీసీకి మార్చాక ఆ బాధ లేదు, డీసీలో కెపాసిటెన్స్ ఒకసారి చార్జ్ అయ్యాక అంతే, నిలకడగా పారదు.

ఇంకోటి, 14 పిన్ రిలేల మీద టెస్టింగ్‌కి రంగు రెక్క ఒకటి ఉంటుంది, నొక్కితే కాంటాక్టు చేత్తో మారుతుంది, కొన్నిటిలో పైకెత్తి తిప్పితే లాక్ అయి అలాగే ఉండిపోతుంది. కమిషనింగ్‌లో లాక్ చేసి మర్చిపోతే కాయిల్‌కి కరెంటు లేకపోయినా కాంటాక్టు మూసుకునే ఉంటుంది. ప్యానెల్ తలుపు వేసే ముందు రెక్కలన్నీ చూడండి.

మిల్లు_కరెంటు

వీడియో తీశాను. ప్యానెల్_బోర్డు గారు చెప్పిందే, రిలే ఎల్‌ఈడీ కదలకుండా వెలుగుతోంది, కాంటాక్టర్ టప్పుమని పడింది, ఆ తర్వాతే ఎల్‌ఈడీ ఆరింది. ఓనరు గారికి చూపిస్తే రిలేల మాట వదిలేశారు. ఇప్పుడు ఇంకోటి అంటున్నారు, కంట్రోలు మొత్తానికి కంప్యూటర్ యూపీఎస్ ఒకటి తగిలించేయ్, పడిపోయే గొడవే ఉండదు అని. ఇది చెయ్యొచ్చా?

ప్యానెల్_బోర్డు

అసలు ప్రమాదం ఇక్కడుంది, ఆగండి. కంట్రోలుకి యూపీఎస్ పెడితే మెయిన్ సప్లై పోయినా కాంటాక్టర్ పట్టుకునే ఉంటుంది. మోటార్లు మాత్రం ఆగిపోతాయి, ఎందుకంటే పవర్ లేదు. అరగంట తర్వాత కరెంటు వస్తే? కాంటాక్టర్లు మూసుకునే ఉన్నాయి కాబట్టి మిల్లంతా ఒక్కసారిగా లేస్తుంది. లాచింగ్ రిలే వద్దని ఇంతసేపు కొట్టుకుని అదే పనిని వెనక గుమ్మం నుంచి తెచ్చుకున్నట్టు. యూపీఎస్ పెట్టే చోట మెయిన్ సప్లై మీద అండర్ వోల్టేజ్ రిలే ఒకటి పెట్టి దాని కాంటాక్టు స్టాప్ లైన్లో సిరీస్‌గా వెయ్యాలి. అర సెకనో ఒక సెకనో డిలే పెట్టుకుంటే మినుక్కుమన్నదానికి ఊరుకుంటుంది, నిజంగా పోతే అన్నిటినీ పడేస్తుంది.

మీకైతే అంత దూరం కూడా వద్దు. మల్టీమీటర్ మిన్-మ్యాక్స్‌లో పెట్టి ఒక సాయంత్రం రెండు చోట్ల చూడండి, ఇన్‌కమర్ (బయటి సప్లై లోపలికొచ్చే చోటు) దగ్గర ఫేజ్ న్యూట్రల్ మధ్య ఎంత, కాంటాక్టర్ కాయిల్ టెర్మినళ్ళు ఏ1 ఏ2 మీద ఎంత. రెండూ ఒకేలా పడితే తప్పు బయటిది. తేడా ఉంటే మీ ఇంట్లోదే.

ఐటిఐ_కుర్రోడు

సార్ అలాగే ఇంకోటి, రిలే మీద 30 ఆంపియర్లు అని రాసి ఉంటే 2 హెచ్‌పి సింగిల్ ఫేజ్ మోటారు డైరెక్టుగా దానితోనే నడిపేయొచ్చా? అది తీసుకునేది 10, 12 ఆంపియర్లే కదా.

ఫార్మా_మెయింటెనెన్స్

ఆ 30 రెసిస్టివ్ లోడ్‌కి, అంటే హీటరు లాంటిదానికి. మోటారు లేచేటప్పుడు ఆరు రెట్లు వేసుకో, 60 దాటుతుంది, సరిగ్గా ఆ క్షణంలోనే కాంటాక్టు మూసుకుంటూ ఎగిరి ఎగిరి పడుతుంటుంది, వెండి మొనలు కరిగి అతుక్కుంటాయి. అతుక్కున్నాక నీ స్ప్రింగు ఎంత లాగినా రాదు. డేటా షీట్‌లో మోటారు రేటింగ్ హెచ్‌పిలో వేరే ఇచ్చి ఉంటే అది చూడు, కాంటాక్టర్ అయితే మోటార్లకి ఇచ్చే ఏసీ-3 రేటింగ్ చూడు. డీసీ ఇంకా ఘోరం, 250 వోల్టుల ఏసీలో 10 ఆంపియర్లు తెంపే రిలే 110 వోల్టుల డీసీలో అర ఆంపియర్ తెంపడానికి కూడా తంటాలు పడుతుంది. ఏసీ సెకనుకి 100 సార్లు సున్నా మీదుగా పోతుంది కాబట్టి ఆర్క్ ఆరిపోతుంది, డీసీలో ఆ అవకాశం లేదు.

మిల్లు_కరెంటు

దొరికింది! ఇన్‌కమర్ దగ్గర 200కి కిందకి పోలేదు, కాయిల్ మీద మాత్రం 158 చూపించింది. న్యూట్రల్ లింక్‌కీ ఇన్‌కమింగ్ న్యూట్రల్‌కీ మధ్య పెడితే మామూలుగా 6, 7 వోల్టులు, మినుక్కుమన్నప్పుడు 30 పైన. లింక్ తీసి చూస్తే బోల్టు కింద లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) నల్లగా మాడిపోయి ఉంది, చేత్తో తిప్పితే తిరుగుతోంది. యార్డులో హాలోజన్ లైట్ల న్యూట్రల్ కూడా దాని మీదే ఉంది, అవి సాయంత్రమే వేస్తాం. ఇన్నాళ్ళూ కరెంటోళ్ళని తిట్టుకుంటున్నాం. లగ్గు మార్చి, లైట్ల న్యూట్రల్ వేరే చేశాను. మళ్ళీ ఆగలేదు.

ఓనరు గారు అయినా ఫీడర్ డిప్ వస్తే ఏం చేస్తావు అంటున్నారు. కాంటాక్టర్ కాయిళ్ళు 24 డీసీకి మారిస్తే సరిపోతుందా?

ప్యానెల్_బోర్డు

మార్చొచ్చు. మూడు చూసుకోండి. ఎస్‌ఎంపీఎస్ అన్ని కాయిళ్ళనీ మోయగలదా కూడి చూడండి, డీసీ కాంటాక్టర్ కాయిల్ రిలే కాయిల్ కంటే చాలా ఎక్కువ తింటుంది. మీ 14 పిన్ రిలే అయితే కాయిల్ 650 ఓమ్‌లు, 37 మిల్లీ ఆంపియర్లు, ఒక వాట్ లోపు, దానితో పోల్చుకోకండి. ప్రతి కాంటాక్టర్ కాయిల్ మీదా 1ఎన్ 4007 డయోడ్ వెయ్యండి, చార ఉన్న వైపు ప్లస్‌కి, లేకపోతే కాయిల్ ఆఫ్ అయిన ప్రతిసారీ వచ్చే వెనక దెబ్బకి రిలే కాంటాక్టులు కాలిపోతాయి. డయోడ్ వేస్తే కాంటాక్టర్ వదలడం కొంచెం ఆలస్యమవుతుంది, మిల్లులో పర్లేదు, ఫార్వర్డ్ రివర్స్ ఉన్న చోట మాత్రం గుర్తుంచుకోవాలి. మూడోది, లో వోల్టేజ్ కూడా పట్టే ఫేజ్ ఫెయిల్యూర్ రిలే. ఇప్పటిదాకా లో వోల్టేజ్‌లో కాంటాక్టర్ పడిపోయి మోటారుని కాపాడింది, ఇక మీదట పడదు. వోల్టేజ్ 70 శాతానికి వస్తే మోటారు టార్క్ సగానికి పడిపోతుంది, హల్లరు ఈడుస్తూ కరెంటు లాగుతుంది.

ఐటిఐ_కుర్రోడు

మా ల్యాబులో ఏసీ కాంటాక్టర్ ఒకటి గుర్రుమంటూనే ఉంటుంది సార్, వోల్టేజ్ 230 బాగానే ఉంది. దానికేమైంది?

పాత_జూట్‌మిల్లు

మెయిన్ ఆఫ్ చేసి కోరు విప్పి మొహాలు చూడు. దుమ్మో తుప్పో ఉంటే గుడ్డతో తుడువు, ఆకురాయి పెట్టి రుద్దకు, మొహం సమంగా ఆనకపోతే ఇంకా అరుస్తుంది. కోరు చివర రాగి రింగు ఉంటుంది, కరెంటు సున్నాకి వచ్చిన క్షణంలో కూడా అయస్కాంతం కాస్త మిగిలేలా చేసేది అదే. అది చిట్లితే తుడిచినా ఆగదు, కాంటాక్టర్ మార్చేయడమే. అరుస్తున్నదాన్ని అలా వదిలేయకు, ఆర్మేచర్ పూర్తిగా ఆనని ఏసీ కాయిల్ ఎక్కువ కరెంటు లాగి మాడిపోద్ది.